శ్రీకూర్మంలో స్వామి పడమటికి ఎందుకు తిరిగాడు?

నమస్కారమండీ. మన గుళ్ళలో చాలావాటిలో మూలవిరాట్టు తూర్పు ముఖంగా ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని శ్రీకూర్మంలో మాత్రం కూర్మనాథస్వామి పడమటికి చూస్తూ కొలువై ఉంటాడు. అందుకే ఇక్కడ తూర్పున ఒకటి, పడమరన ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. కూర్మావతారానికి మూలవిరాట్టుగా పూజలు జరిగే గుళ్ళు దేశంలోనే చాలా అరుదు.

ముందు స్థలపురాణం చెప్పుకుందాం. శ్వేత చక్రవర్తి భార్య విష్ణుప్రియ. ఏకాదశి ఉపవాసంలో ఉండగా రాజు ఆమె దగ్గరికి వచ్చాడు. వ్రతం చెడకూడదని ఆవిడ విష్ణువును వేడుకుంటే ఇద్దరి మధ్యా గంగ పుట్టుకొచ్చిందట. రాజు ఆ నీళ్ళలో కొట్టుకుపోయి ఒక కొండ చేరాడు. నారదుడు చెప్పిన కూర్మ మంత్రం జపిస్తే స్వామి ప్రత్యక్షమయ్యాడు. ఆయన చక్రంతో ఏర్పడినదే శ్వేత పుష్కరిణి అంటారు.

మరి పడమటికి తిరగడం ఏమిటి? ఆ వైపున ఒక గిరిజన రాజు తపస్సు చేశాడట. ఆయన కోసం స్వామి అటు తిరిగాడని కథ. ఇంకో కథ రామానుజులది. పూరీలో పూజా పద్ధతి మార్చబోతే జగన్నాథుడు ఆయన్ని రాత్రికి రాత్రే ఇక్కడికి చేర్చాడనీ, ఆయన కోసమే కూర్మనాథుడు ఇటు తిరిగాడనీ చెప్తారు. నాకు మొదటి కథే ఇష్టం. అడవిలో ఉండే ఒక మనిషి కోసం దేవుడే దిక్కు మార్చుకున్నాడు, అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు చరిత్రకి వద్దాం. ఇక్కడ 1281 నాటి శాసనం ఒకటి ఉంది. మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థులది. తూర్పు గాంగుల కాలంలో కళింగ రాజ్య వ్యవహారాలు చూసిన సన్యాసి ఈయన. స్వామి ఎదుట యోగానంద నరసింహుడికి గుడి కట్టించాడు. శబరులనే అడవి జనం దాడి నుంచి ఈ క్షేత్రాన్ని కాపాడాడని కూడా ఆ శాసనం చెప్తోంది.

గమనించారా? పురాణంలో అడవి రాజు కోసం స్వామి తిరిగాడు. శాసనంలో అడవి జనం దాడికి వచ్చారు. గుడికీ అడవికీ మధ్య భక్తీ ఉంది, గొడవా ఉంది. శాసనం రాయించింది పాలకుల వైపు మనిషి కాబట్టి గొడవ రాతిలో నిలిచింది, భక్తి మాత్రం జనం నోట నిలిచింది. నా మటుకు రెండూ కలిపి వింటేనే ఈ ఊరి కథ పూర్తయినట్టు.

వెళ్ళినప్పుడు గర్భగుడిలో స్వామిని నిదానంగా చూడండి. తల పడమటికి, తోక తూర్పుకి, మధ్యలో డిప్ప. ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను పెంచుతారు. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు చుక్కల్లా విచ్చుకుని ఉంటాయి. చూడండి, కానీ చేతుల్లోకి తీసుకోకండి, ఇవి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్న జీవాలు. ఫాల్గుణంలో డోలోత్సవానికి వెళ్ళగలిగితే మరీ మంచిది.

మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు స్వామి పడమటికి తిరగడం గురించి వేరే కథ చెప్తే కింద కామెంట్లలో తప్పకుండా రాయండి.