స్టోర్ రూమ్ తాళం ఎవరి దగ్గరుంది?

కమిషనర్ గారికి, ఇంజినీర్లకు, వెనక నిలబడ్డ పారిశుద్ధ్య కార్మికులందరికీ నమస్కారం. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండమ్మా, ఈ రోజు మాట్లాడేదే మీ గురించి.

ఇవాళ మార్చి 4, జాతీయ భద్రతా దినోత్సవం. 1966లో జాతీయ భద్రతా మండలి పెట్టిన రోజు. భద్రత అనగానే ఫ్యాక్టరీలే గుర్తొస్తాయి, మునిసిపాలిటీలోనూ ప్రాణాల మీదికొచ్చే పనులున్నాయని మనకే తట్టదు. కరెంటు స్తంభాలు, చెత్త బండ్లు, అన్నీ కాగితం మీద రాసుకొచ్చాను గానీ మ్యాన్‌హోల్ దగ్గరే ఆగిపోతాను, ఏమీ అనుకోకండి.

నేను శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేసేటప్పుడు ఒక పండగ ముందురోజు వీధి మీదికి మురుగు పొంగింది. ఫోన్ల మీద ఫోన్లు. లోపల విషవాయువు ఉందో లేదో చూపే గ్యాస్ డిటెక్టర్ స్టోర్ రూములో ఉంది, గుమాస్తా సెలవు, తాళం ఆయన వెంటే ఊరెళ్లింది. మూత తీసి ఒక పావుగంట ఆగాం. "సార్, వాసన తగ్గింది, దిగుతా" అన్నాడు కాంట్రాక్టు కుర్రాడు. సరే అన్నది నేనే.

ఇది వినండి, మిగతాది మరిచిపోయినా పర్లేదు. మురుగులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసనేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారిపోతుంది. వాసన తగ్గిందంటే గ్యాస్ పోయిందని కాదు, ఎక్కువైందని కూడా కావచ్చు. గాలి కంటే బరువు, అడుగునే ఉంటుంది. అగ్గిపుల్ల గీసి చూడటం ఇంకా ప్రమాదం, మీథేన్ ఉంటే అంటుకుంటుంది.

ఆ కుర్రాడు మూడు మెట్లు దిగాడు, పడిపోయాడు. పైనున్న అతని తమ్ముడు దూకబోతే చొక్కా పట్టుకుని లాగేశాను, చొక్కా చిరిగి సగం నా చేతిలోకొచ్చింది, అయినా వదల్లేదు. అన్న దక్కలేదు. తమ్ముడు ఈ రోజుకీ నాతో మాట్లాడడు. 2015లో కేరళలోని కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో పడిపోయిన ఇద్దరు మన ఆంధ్రా కార్మికులను కాపాడబోయి దారిన పోయే ఆటో డ్రైవర్ కూడా చనిపోయాడు. దూకకండి, తాడు కట్టకుండా, ఆక్సిజన్ మాస్కు లేకుండా ఎవరూ దూకకండి.

విచారణ నివేదికలో "కార్మికుడి నిర్లక్ష్యం" అని రాశారు. తాళం మాట ఎక్కడా లేదు. నా మాట కూడా లేదు.

రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపకూడదని 2013 చట్టం చెబుతోంది. చనిపోతే 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంజినీర్ గారూ, ఆ డబ్బుతో మనిషి దిగకుండా నీటి ఒత్తిడితో మురుగు తీసే జెట్టింగ్ మెషిన్ కిరాయి ఎన్ని రోజులొస్తుందో మీరే లెక్కేయండి. దిగమన్న అధికారి పేరు, డిటెక్టర్ చూపిన అంకె, టైము, ఈ మూడూ రిజిస్టర్లో ఎక్కకుండా మూత తియ్యనివ్వొద్దు.

ఇంకా చాలా ఉంది, వద్దులెండి. ఇక్కడి స్టోర్ రూము తాళం ఎవరి దగ్గరుందో లేచి చెప్పండి. ఇప్పుడే వెళ్లి తెరిచి, డిటెక్టర్‌లో ఛార్జింగ్ ఉందో లేదో అందరం చూద్దాం.