పద్నాలుగు రోజుల నీళ్లు

(ఇంజనీర్ల దినోత్సవం నాడు మహబూబ్‌నగర్‌లో సివిల్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, పిల్లలకు నమస్కారం. నేరుగా విషయంలోకి వస్తాను.

పర్యావరణానికి మేలు చేసే కాంక్రీటు గురించి మాట్లాడమన్నారు. సిమెంటు చేయాలంటే బట్టీలో సున్నపురాయి కాల్చాలి. ఆ రాయిలోని కాల్షియం కార్బనేటు 100 కిలోలు కాలితే 44 కిలోలు కార్బన్ డయాక్సైడై గాలిలో కలుస్తుంది. బట్టీలో మండే బొగ్గు పొగ దానికి అదనం. అందుకే కాల్చే రాయి తగ్గేలా సిమెంటులో 35 శాతం దాకా థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద కలుపుతున్నారు. మన దామరచర్ల దగ్గర యాదాద్రి కేంద్రం ఉంది, బూడిదకు కొదవ లేదు. మంచిదే. కానీ బూడిద సిమెంటు నిదానంగా గట్టిపడుతుంది. దానికి ఎక్కువ రోజులు నీళ్లు కావాలి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ఇలాంటి సిమెంటును కనీసం 10 రోజులు తడపమంటుంది, 14 రోజులైతే మేలంటుంది.

ఇక్కడ మా నాయన గుర్తొస్తాడు. పాలమూరు లేబరని దేశమంతా పిలిచిన జట్లలో ఆయన ఒకడు. మా ఇంటి స్లాబు పోసినప్పుడు మట్టితో మడులు కట్టి నీళ్లు నిలిపాడు. స్తంభాలకు గోనెసంచులు చుట్టాడు. కరెంటు రాత్రి రెండు గంటలకు వచ్చేది. లేచి మోటరు వేసేవాడు. "బిడ్డా, సిమెంటుకు దూపైతది, తాపాలె" అనేవాడు. చదువుకున్నాక తెలిసింది: నీళ్లు ఆరిపోతే సిమెంటులో జరిగే చర్య మధ్యలోనే ఆగిపోతుంది. నాయనకు ఆ మాట పుస్తకం చెప్పలేదు.

మా ఊరి బడి గదికి మాత్రం మూడు రోజులే తడిపారు, అదీ మండు వేసవిలో. అడిగితే కాంట్రాక్టరు, "బిల్లులో నీళ్ల మనిషికి పైసలేవి?" అన్నాడు. పన్నెండేళ్లకు పెచ్చులూడి, చువ్వలు తుప్పుపట్టి బయటపడ్డాయి. కూలగొట్టి మళ్లీ పోశారు. అంటే ఒకే గదికి రెండుసార్లు సున్నపురాయి కాల్చాం! అది బూడిద సిమెంటే కావచ్చు, ఏం లాభం?

మీలో స్లాబు మీద మడి కట్టినవాళ్లు ఎందరు? చేతులెత్తండి. ...వెనక ఆ ఇద్దరేనా? అమ్మా, మీరిద్దరూ రేపు మిగతావాళ్లకు చూపించండి.

కొత్త సిమెంట్ల గురించి ఇంకా నాలుగు పేజీలు రాసుకొచ్చాను, వదిలేస్తున్నాను. ఒక్కటే అడుగుతాను. రేపు మీరు ఎస్టిమేటు రాసే కుర్చీలో కూర్చుంటారు. కంకర, ఇసుక, చువ్వల లెక్క కింద ఇంకో గీత గీయండి. తడిపే మనిషికి పద్నాలుగు రోజుల కూలి అక్కడ రాయండి. పై అధికారి కొట్టేస్తే మళ్లీ రాయండి.