పందికొక్కు సముద్రం దాటిన కథ

శ్రోతలకు నమస్కారం. ఈ పూట ఒక్క ఇంగ్లీషు మాట గురించి చెప్పుకుందాం. ఒక్కటే మాట. బ్యాండికూట్.

నిఘంటువులో దీనికి రెండు అర్థాలు కనిపిస్తాయి. ఒకటి, పెద్ద ఎలుక. రెండోది, ఆస్ట్రేలియాలోని ఒక జంతువు. పక్కనే చిన్న అక్షరాల్లో 'తెలుగు నుంచి' అని ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు మొదటిసారి చదివిన రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు. అది మన పందికొక్కే! మా అమ్మమ్మగారింట్లో గాదె కింద నేలను రాత్రికి రాత్రే గుల్ల చేసేది. తరిమితే గుర్రుమనేది. ఆ గుర్రు విన్నవాళ్లకు పేరులో పంది ఎందుకుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇంగ్లీషువారి నోట్లో పందికొక్కు బ్యాండికూట్ అయింది. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దీన్ని తెలుగు మాటగానే చెప్పింది. అప్పటికే ఆ మాట సముద్రం దాటింది. ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువారు, పొడుగు మూతితో నేల తవ్వుతున్న ఒక జంతువుకు కూడా అదే పేరు పెట్టారు. అది ఎలుక కాదు. అసలు ఎలుకకు చుట్టమే కాదు. కంగారూలా పిల్లలను సంచిలో పెంచుతుంది. ఆ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. తల్లి ముందుకాళ్లతో తవ్వుతుంటే ఎగిరే మట్టి పిల్లల మీద పడదు. ఎంత చక్కని ఏర్పాటో చూడండి!

నాకు ఇంకా ఇష్టమైనది, అక్కడ ఆ మాట క్రియగా మారిన తీరు. బంగాళాదుంపల మడిలో మొక్క పీకకుండా, మట్టిలోకి చెయ్యి పోనిచ్చి నాలుగు దుంపలు తీసుకుని, మళ్లీ మట్టి కప్పేయడాన్ని బ్యాండికూట్ చేయడం అంటారు. పైన మొక్క పచ్చగానే ఉంటుంది. దొంగ చేస్తే పొలం యజమానికి తవ్వకాల నాటికి గానీ తెలియదు. ఇంటి పెరట్లో లేత దుంపల కోసం మనమే చేసినా అదే మాట. మన గాదె కింది జంతువు పేరు ఎక్కడో దక్షిణాన దుంపల మడిలో పని చేస్తోంది!

ఇక అనువాదం చేసేవారికి ఒక మాట. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఒక రకం బ్యాండికూట్ అడవిలో అంతరించిపోయిందని, అలాంటి జంతువుల జాబితాలో చేర్చారు. కంచెలు కట్టి, కంటికి రెప్పలా కాపాడి, 2021 నాటికి దాన్ని ఆ జాబితా నుంచి బయటపడేశారు. ఈ వార్తను 'పందికొక్కులను కాపాడారు' అని రాస్తే, ధాన్యం పోగొట్టుకున్న మన రైతుకు ఏం అర్థమవుతుంది? అందుకే ముందు ఊరు చూడండి. మన గోదాములోనిదైతే పందికొక్కు. ఆస్ట్రేలియాదైతే బ్యాండికూట్ అనే ఉంచి, సంచిలో పిల్లలను పెంచే జంతువు అని ఒక్క ముక్క చేర్చండి. నమస్కారం.