పంపు జేబులో పెట్టుకునే పరిగెత్తండి

అందరికీ నమస్కారం. నేను డాక్టర్ని కాను. ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే పల్లెల్లో చాలా ఏళ్ళు పీఈటీగా, అంటే బడిలో ఆటల మాస్టారుగా పనిచేశాను. ఉబ్బసానికి వ్యాయామం మంచిదా, మందులు మంచివా అని ఇందాక ఒక పెద్దాయన అడిగారు. ఒకప్పుడు నేనూ అలాగే ఆలోచించి ఒక పిల్లాణ్ణి ప్రమాదంలోకి నెట్టాను. ముందు అది చెప్తాను.

జనవరి నెల. పొగాకు కాల్చే బ్యారన్లు మండుతున్న రోజులు, పొద్దున్నే మంచుతో పాటు పొగ. తొమ్మిదో తరగతి అబ్బాయిని 800 మీటర్లు పరిగెత్తమన్నాను. "సార్, పంపు కొట్టుకుని వస్తా" అన్నాడు. పంపు అంటే ఉబ్బసం మందు పీల్చే ఇన్‌హేలర్. "దానికి అలవాటు పడితే ఇక వదలదురా. పరిగెత్తు, ఊపిరితిత్తులు గట్టిపడతాయి" అన్నాను. వాడు పరుగు పూర్తి చేశాడు, నేను చప్పట్లు కొట్టాను. ఐదు నిమిషాల తర్వాత చూస్తే వేపచెట్టు కింద మోకాళ్ళ మీద చేతులానించి డొక్కలు ఎగరేస్తున్నాడు. గొంతు కింద గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది. పిల్లికూతలు నాకు దూరం నుంచే వినబడ్డాయి. "సార్" అనే మాట కూడా పూర్తిగా రాలేదు. ఒక అమ్మాయి పరుగున పోయి క్లాసులోని వాడి బ్యాగులోంచి పంపు తెచ్చింది.

పరుగు ఆపాక ఎందుకు వచ్చింది? డాక్టర్ గారు తర్వాత విడమరిచి చెప్పారు. ముక్కుతో పీల్చే గాలి వెచ్చబడి, తడి చేరి లోపలికి పోతుంది. పరుగులో నోటితో పీలుస్తాం. ఆ చల్లని పొడిగాలికి శ్వాసగొట్టాల్లో తడి ఆరిపోయి, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. పరుగు ఆపిన 5, 10 నిమిషాలకే అది తరచుగా ముదురుతుంది.

వాడి చేతిలో ఉన్నది సాల్బుటమాల్. ఆ కండరాన్ని నిమిషాల్లో వదులు చేస్తుంది, కానీ గొట్టాల్లో వాపును తగ్గించదు. దానికి బుడెసొనైడ్ లాంటి పీల్చే స్టెరాయిడ్ ఉంది. డాక్టర్ రోజూ వాడమంటే, ఆయాసం లేని రోజు కూడా వాడాలి. పెద్దవాళ్ళకీ, పన్నెండేళ్ళు దాటిన పిల్లలకీ సాల్బుటమాల్ ఒక్కటే సరిపోదని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలే చెప్తున్నాయి. స్టెరాయిడ్ అనగానే భయపడకండి. పీల్చే మందు నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది కాబట్టి మోతాదు మైక్రోగ్రాముల్లోనే ఉంటుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి, నోట్లో పూత వచ్చే అవకాశం తగ్గుతుంది. మనవాళ్ళు భయం లేకుండా మింగే సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు. పంపులో ఒక పీల్పు 100 మైక్రోగ్రాములు. అంటే ఒక మాత్ర 40 పీల్పులతో సమానం!

మరి వ్యాయామం దండగా? కానే కాదు. దమ్ము పెరుగుతుంది, బరువు తగ్గుతుంది, ఆయాసం వచ్చే రోజులు తగ్గుతాయి. ప్రాణాయామం చేసేవాళ్ళకీ ఊరట ఉంటుంది, చేయండి. ఆ ఊరట చూసి మందు మానేయకండి, అంతే. బ్రిటన్ పరుగుల క్రీడాకారిణి పౌలా రాడ్‌క్లిఫ్‌కి ఉబ్బసం ఉంది. 2003లో లండన్ మారథాన్‌ని 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పరిగెత్తి మహిళల ప్రపంచ రికార్డు పెట్టింది. ఆమె పంపు మానలేదు.

అలర్జీ సంగతి వేరు. వయ్యారిభామ పుప్పొడికీ, మిరపకల్లం ఘాటుకీ, నెల్లూరు వైపు వరి నూర్పిళ్ళ దుమ్ముకీ పరుగు విరుగుడు కాదు. ఆ రోజుల్లో నడక దారి మార్చుకోండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. డాక్టర్ ముక్కు స్ప్రే రాస్తే రోజూ కొట్టుకోండి. తుమ్ములకి మాత్ర వేసుకుని మత్తుగా ఉంటే బండి తీయకండి. చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్ళు ఆయాసమంతా ఉబ్బసమే అనుకోవద్దు. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ వేరే జబ్బు, ఎక్స్‌రే తీయించుకోండి.

ఆ అబ్బాయి మరుసటి ఏడాది మళ్ళీ 800 మీటర్లు పరిగెత్తాడు. వాళ్ళమ్మ నిక్కరుకి పంపు పట్టేంత జేబు కుట్టించింది. డాక్టర్ చెప్పినట్టే పావుగంట ముందు రెండు పీల్పులు తీసుకుని, మైదానం చుట్టూ నెమ్మదిగా తిరిగి ఒళ్ళు వేడెక్కించుకుని గీత మీద నిలబడ్డాడు. మూడో స్థానం వచ్చింది.

ఇప్పుడు పంపులున్నవాళ్ళు బయటికి తీయండి. నర్సమ్మ గారు వచ్చారు. బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, పంపు నొక్కుతూ నెమ్మదిగా పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. ఒక్కొక్కరే ఆమె ముందు చేసి చూపించండి.