కుండలో పడిన బల్లి

బైబిల్లో పాకే ప్రాణి అనగానే మనకు ఏదెను తోటలో పామే గుర్తొస్తుంది. ఇవాళ దాన్ని కాసేపు పక్కన పెడదాం. లేవీయకాండం 11వ అధ్యాయం కూడా ఒకచోట దాన్ని పక్కనే పెట్టింది.

29, 30 వచనాలు చూడండి. చచ్చినదాన్ని ముట్టుకుంటే సాయంత్రం దాకా మైల అంటుకునే ఎనిమిది ప్రాణులు అక్కడున్నాయి. ఎలుక జాతివి పోగా మిగిలినవి ఎక్కువగా బల్లి, తొండ, ఊసరవెల్లి లాంటివే. పాము లేదు! కడుపుతో పాకేదాన్ని తినొద్దని 42వ వచనం అంటుంది, అంతవరకే. చచ్చిన పాముతో మైల అంటదనే తర్వాతి రబ్బీలూ (యూదు మతగురువులు) చెప్పారు.

విషమున్న పామును వదిలేసి ఏ హానీ చేయని బల్లిని ఎందుకు పట్టుకున్నట్టు? నాకు తోచేదేమిటంటే, ఈ చట్టం చూపంతా వంటింటి మీదే ఉంది. మన బల్లి శాస్త్రం అది ఒంటి మీద ఎక్కడ పడిందని అడుగుతుంది. లేవీయకాండం ఏ పాత్రలో పడిందని అడుగుతుంది. చెక్క పాత్రో, బట్టో, గోనెసంచో అయితే నీళ్లలో వేస్తే చాలు, సాయంత్రానికి పవిత్రం. మట్టికుండలో పడితే మాత్రం పగలగొట్టాల్సిందే. దాని మీద పడితే పొయ్యీ అంతే.

అంత కఠినమైన చట్టం నీళ్ల దగ్గరికొచ్చేసరికి మెత్తబడింది. ఊట, నీళ్ల తొట్టి మైలపడవు. వేసవి పొడవునా చినుకు రాలని ఇశ్రాయేలు కొండల్లో, వానాకాలంలో పట్టుకున్న నీళ్లే ఇంటిల్లిపాదికీ ఆధారం. బల్లి పడిందని వాటిని పారబోస్తే తాగేదేమిటి? విత్తనాలకూ మినహాయింపు ఉంది, పొడిగా ఉన్నంతసేపే.

బల్లిని ఆనాటి ఇశ్రాయేలీయులు ఎంత దగ్గరగా చూశారంటే, బైబిల్లోని సామెతల గ్రంథం 30:28 దాన్ని చేత్తో పట్టుకోవచ్చంటూనే రాజుల ఇళ్లలోనూ ఉంటుందంటుంది. గోడలెక్కించే ఆ వేళ్ల కింది సన్నని నూగు సంగతి మైక్రోస్కోపులు వచ్చాకే తెలిసింది.

ఇంకొకటి. సుమారు క్రీ.శ. 200లో కూర్చిన యూదుల ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలో ఓ ప్రశ్న వస్తుంది: తల తెగిన జంతువు ఇంకా కొట్టుకుంటుంటే బతికున్నట్టా, చచ్చినట్టా? చచ్చినట్టే, తెగిన బల్లి తోక ఎగిరెగిరి పడదా అన్నారు రబ్బీలు. కాబట్టి మైల అప్పటినుంచే లెక్క. కదలిక ఆగేదాకా ఆగనక్కర్లేదు.