లైను పోయింది

శ్రోతలకు నమస్కారం.

మా అన్నయ్యకు పెళ్లయిన కొత్తలో ఒక సాయంత్రం, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలోని మా ఇంట్లో తిరుగుతున్న ఫ్యాను ఆగిపోయింది. "లైను పోయింది" అంది అమ్మ. గుంటూరు నుంచి కాపురానికి వచ్చిన వదిన చేతిలోని ఫోను చూసుకుని, "లేదత్తయ్యా, సిగ్నల్ ఉంది" అంది. ఒడియాలో కరెంటు పోతే 'లైన్ గలా' అంటారు. ఇరుగుపొరుగు మాట మా తెలుగులోకీ వచ్చింది. ఆ చీకట్లోనే అమ్మ పుట్టింటి సంగతులు అడిగితే, "మాది బ్రాడీపేట, నాలుగో లైను" అని వదిన చెప్పింది. గుంటూరులో లైను అంటే వీధి. అమ్మ మాత్రం రైలు పట్టాల పక్క ఇల్లేమో, ఆ చప్పుడుకు పిల్లకు నిద్ర ఎలా పట్టేదో అని బాధపడింది.

ఆనాటి నుంచి ఈ మాట ఎక్కడ వినిపించినా చెవి అటే పోతుంది. దీని మూలం లాటిన్‌లో ఉంది. అవిసె నారతో పేనిన దారాన్ని 'లీనియా' అనేవారు. దారం పట్టి గీసేది గీత అయింది. తరువాత వరుస, తీగ, పట్టా, నాటకంలో నటుడు చెప్పే మాట, మనిషి చేసే వృత్తి, అన్నీ ఆ దారానికే చుట్టుకున్నాయి.

వాడుక భాషలో ఇది ఇంకా దూరం వెళ్లింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వైమానిక దళంలో గొప్పలు చెప్పుకోవడాన్ని 'లైను కొట్టడం' అనేవారు. ఎవరైనా మరీ కోతలు కోస్తే రాసిపెట్టడానికి దళాల్లో 'లైన్ బుక్' అని ఒక పుస్తకమే ఉండేది. ఐర్లండులో ఒక అబ్బాయి ఒక అమ్మాయితో 'లైను చేస్తున్నాడు' అంటే ఇద్దరూ ఇష్టపడి కలిసి తిరుగుతున్నారని అర్థం. మన కుర్రవాళ్లు అనే 'లైను వేయడం' దానికి దగ్గరగానే కనిపిస్తుంది గాని, ఇందులో అమ్మాయి ఇష్టం ఇంకా తెలియదు. క్రియ ఒక్కటి మారితే బంధమే మారిపోయింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'లైన్ క్లియర్'. మా ఊరికి నౌపడ నుంచి చిన్న రైలు 1900లోనే వచ్చింది. ఒకే పట్టా మీద రైళ్లు ఎదురుపడకుండా, ముందున్న స్టేషను అనుమతి ఇచ్చాకే బండి కదలాలి. ఆ అనుమతే లైన్ క్లియర్. ఇప్పుడు పెళ్లికి పెద్దలు ఒప్పుకున్నా ఇళ్లలో అదే మాట అంటారు.

ఇలాంటి వాడుకలను భాషకు పట్టిన తుప్పు అనేవారితో నేను ఏకీభవించలేను. జనం నోటి తెలుగుకు గౌరవం కావాలని పోరాడిన గిడుగు రామమూర్తి మా ఊళ్లోనే పాఠాలు చెప్పారు. సవర గిరిజనుల భాషను కూడా ఆ భాష మాట్లాడేవారి నోటి నుంచే నేర్చుకున్నారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, ఆయన ఊరు విడిచి రాజమండ్రికి వెళ్లిపోయారు. పటం మీద గీసిన ఆ గీత కూడా లైనే. మనుషులను అటూ ఇటూ చేసింది గాని, మాటలను ఆపలేకపోయింది. సరిహద్దు ఇళ్లలో పుట్టిన ఇలాంటి అర్థాలు నిఘంటువులకు ఎక్కాలని నా కోరిక. మీ ఇంట్లో వినిపించేవి ఒక కాగితం మీద రాసిపెట్టండి.

మొన్న వదిన వాళ్ల అమ్మతో ఫోనులో మాట్లాడుతూ, "ఉండమ్మా, లైను పోయింది, దీపం వెలిగించి వస్తాను" అంది. అవతలి నుంచి ఆవిడ, "నీ మాట వినబడుతూనే ఉందే" అంటున్నారు.