పాత పికప్ పోతోంది, దాని బదులు ఏది కొనాలి? ముందు డ్రైవర్ తలుపు తెరవండి

నమస్కారం అండీ. నా వెనకాల కనిపిస్తున్నది మా పాత పికప్. 2012 మోడల్, 1,91,000 మైళ్లు తిరిగింది. పోయిన నెల నుంచి ట్రాన్స్‌మిషన్ జారుతోంది. హైవే ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తుంది కానీ బండి ముందుకు ఉరకదు. బాగు చేయడానికి మెకానిక్ 5,400 డాలర్లు చెప్పాడు. ఉన్నది ఉన్నట్టుగా అమ్మితే వచ్చేది సుమారు 6,000. ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుని, మార్చేద్దామనే నిర్ణయానికి వచ్చాం.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన. ఏ ట్రక్కు కొనాలని మనవాళ్లని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో పేరు చెప్పారు. ఎక్కువమంది "టయోటా తీసుకో, ఇంకేం ఆలోచించకు" అన్నారు. ఈ దేశం వచ్చిన కొత్తలో క్యామ్రీ మనల్ని ఎంత ఆదుకుందో నాకూ తెలుసు, ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. కానీ పికప్ విషయంలో బ్రాండ్ దగ్గర మొదలుపెడితే దారి తప్పుతాం. నెల రోజులు తిరిగాక నాకు బాగా అర్థమైంది ఇదే. అందుకే మీకు లెక్క ఎలా వేయాలో చూపిస్తాను. మీ లెక్క మీరు వేసుకుంటే ట్రక్కు పేరు దానంతట అదే బయటికొస్తుంది.

ముందు ఒక కాగితం తీసుకోండి. ఏడాది పొడుగునా ఆ బండితో నిజంగా ఏం చేస్తారో రాయండి. మాది చెప్తాను. వారంలో ఐదు రోజులు ఆఫీసు, పిల్లల స్కూలు. వసంతంలో పెరటికి మట్టి, ఎరువు తేవాలి, సొర పాదులకీ బెండ మడులకీ. ఉగాదికీ బతుకమ్మకీ మన సంఘం వాళ్ల స్టేజి సామాను, పెద్ద పెద్ద గిన్నెలు మోసేది మా బండే. ఏడాదికి మూడు నాలుగుసార్లు క్యాంపర్ ట్రైలర్ తగిలించుకుని బిగ్ బెండ్ నేషనల్ పార్కుకో, కొలరాడోకో వెళ్తాం. వేసవిలో అమ్మానాన్న వస్తారు, అప్పుడు ఆరుగురం అవుతాం. ఈ చివరి రెండు లైన్లే మా ట్రక్కుని ఎంపిక చేశాయి.

ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తాను, చూడండి.

(డ్రైవర్ తలుపు తెరిచి, అంచు మీదున్న స్టిక్కర్‌కి దగ్గరగా)

పసుపు రంగు గీత ఉన్న ఈ తెల్ల స్టిక్కర్ ఈ సైజు పికప్‌లన్నిటికీ ఉంటుంది. ఇందులో ఒకే ఒక్క వాక్యం మనకు కావాలి: మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదు అని. దీన్నే పేలోడ్ అంటారు. ఇది బ్రోషర్‌లో వేసే అంకె కాదు, సరిగ్గా ఈ బండికే, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఉన్న సరంజామాతో కట్టిన లెక్క. అదే మోడల్, అదే ఏడాది, పక్కపక్కనే నిలబెట్టిన రెండు బండ్లకి మూడు నాలుగు వందల పౌండ్ల తేడా ఉండొచ్చు. నేను స్వయంగా డీలర్ లాట్‌లో నడుచుకుంటూ తలుపులు తెరిచి చూశాను. పైకప్పుకి పెద్ద అద్దం, తోలు సీట్లు, కరెంటుతో కిందికి దిగే మెట్లు ఉన్న ఖరీదైన ట్రిమ్‌లో, అంటే అదే మోడల్‌లో హంగులెక్కువున్న రకంలో, 1,380. దాని పక్కనే ఉన్న సాదా ట్రిమ్‌లో 1,790. డబ్బు ఎక్కువ పెట్టిన బండి తక్కువ బరువు మోస్తుంది. ఎందుకంటే ఆ హంగులన్నిటి బరువూ ఇందులోంచే తీసేస్తారు.

మరి ప్రకటనల్లో 13,000 పౌండ్లు లాగుతుందని చెప్తారు కదా? ఫోర్డ్ ఎఫ్-150కి గరిష్ఠంగా 13,500 చెప్తారు, షెవ్రొలే సిల్వరాడోకి 13,300, టయోటా టండ్రాకి 12,000. ఆ అంకెలు అబద్ధం కాదు. కానీ ఆ పరీక్ష ప్రమాణంలో బండిలో కూర్చునేది 150 పౌండ్ల మనుషులు ఇద్దరే. పిల్లలు లేరు, కూలర్ లేదు, అత్తగారు లేరు. పైగా ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ట్రైలర్‌ని తగిలించే హిచ్ మీద, అంటే మన బండి మీదే పడుతుంది. దాన్ని టంగ్ వెయిట్ అంటారు. ఆ బరువు కూడా ఈ స్టిక్కర్ లెక్కలోకే వస్తుంది. చాలామంది మరిచిపోయేది ఇక్కడే.

మా లెక్క చూడండి. ట్రైలర్‌ని నీళ్లూ సామానూ నింపి ట్రక్ స్టాప్‌లో క్యాట్ తూకం మీద పెట్టించాను. 6,600 పౌండ్లు. అందులో 13 శాతం అంటే 860. హిచ్ మీది బరువుని చక్రాలన్నిటికీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ 90. ఆరుగురు మనుషులం కలిపి 815. వెనక సామాను వేసే బెడ్‌లో జెనరేటర్, కట్టెలు, కూలర్, మడత కుర్చీలు 180. మొత్తం 1,945 పౌండ్లు. ఇందాక చెప్పిన ఖరీదైన ట్రిమ్ తీసుకుని ఉంటే 565 పౌండ్లు ఎక్కువ వేసుకుని, పిల్లల్ని కూర్చోబెట్టుకుని, హైవే మీద వెళ్లేవాణ్ని. బ్రేకులూ టైర్లూ వెనక యాక్సిలూ ఎంత బరువుకి చేశారో అంతకు మించి. ఇది తలచుకుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే పాత బండితో ఇన్నేళ్లూ ఈ లెక్క వేయకుండానే తిరిగాం.

అమ్మానాన్న ఉన్నప్పుడు జెనరేటర్, కట్టెలు వదిలేసి వెళ్దామనుకున్నాం. అప్పుడు 1,805. కాబట్టి మాకు కావాల్సింది తలుపు మీద 1,805 కన్నా ఎక్కువ రాసి ఉన్న బండి. మీ మొత్తం 2,200 దాటితే ఎఫ్-150, సిల్వరాడో లాంటి "హాఫ్ టన్" తరగతిలో వెతకొద్దు. ఎఫ్-250, సిల్వరాడో 2500 లాంటి హెవీ డ్యూటీ బండ్ల దగ్గరికి వెళ్లండి. అవి ఖాళీగా నడిపితే కాస్త గతుకులు తెలుస్తాయి, అయినా అదే సరైన బండి. ట్రైలర్ లేకుండా ఇంటి సామాను మోసుకునేవాళ్లకి మాత్రం ఏ హాఫ్ టన్ పికప్ అయినా సరిపోతుంది, వాళ్లు ఈ భాగాన్ని అంతగా పట్టించుకోనక్కర్లేదు.

ఆరుగురు అన్నాను కదా, అది ఇంకో ముడి. ఖరీదైన ట్రిమ్‌లలో ముందు రెండు విడి సీట్లు, మధ్యలో పెద్ద కన్సోల్ ఉంటుంది. ఐదుగురే కూర్చోగలరు. కింది ట్రిమ్‌లలో ముందు బెంచి సీటు వస్తుంది, అందులో ముగ్గురు. ఎక్కడం సంగతి కూడా చూసుకోండి. ఒక డీలర్ దగ్గర అమ్మ చీరకట్టుతో పికప్ ఎక్కబోయి, కాలు అందక, తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకు చాలా బాధేసింది. రామ్ 1500లో ఎయిర్ సస్పెన్షన్ తీసుకుంటే ఆగినప్పుడు బండే కిందికి వంగుతుంది, పెద్దవాళ్లున్న ఇంటికి అది నిజంగా మేలు చేసే ఏర్పాటు. లేదంటే మామూలు స్థిర మెట్లు పెట్టించుకోవచ్చు. అవి డీలర్ దగ్గర బిగించుకుంటే వాటి బరువు స్టిక్కర్ అంకెలోంచి మీరే తీసేయాలి.

ఇక గ్యారేజీ. ఇంటికెళ్లి టేపు పట్టండి. ఐదున్నర అడుగుల బెడ్ ఉన్న క్రూ క్యాబ్ (నాలుగు పూర్తి తలుపులున్న పికప్) ఏ కంపెనీదైనా ఇంచుమించు 232 అంగుళాలు, అంటే 19 అడుగుల 4 అంగుళాలు. ఆరున్నర అడుగుల బెడ్ తీసుకుంటే 20 అడుగులు దాటిపోతుంది. మా గ్యారేజీ లోపల కొలిస్తే సరిగ్గా 20 అడుగులు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ వడగళ్లు ఎలా పడతాయో డాలస్‌లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. బండి లోపల పట్టాల్సిందే. కాబట్టి చిన్న బెడ్. ప్లైవుడ్ షీటు తెచ్చుకోవాలన్నా ఇబ్బంది లేదు, ఈ తరగతి పికప్‌లన్నిట్లోనూ చక్రాల ఉబ్బుల మధ్య నాలుగడుగుల షీటు పరిచినట్టు పడుతుంది. టెయిల్‌గేట్ దించి కట్టుకుంటే చాలు.

ఇప్పుడు ఇంజన్లు. ఇక్కడ నా అభిప్రాయాలు ఉంటాయి.

ఫోర్డ్ ఎఫ్-150లో 2.7 లీటర్ల టర్బో వీ6 మామూలు వాడకానికి చక్కగా సరిపోతుంది. 3.5 టర్బో 400 హార్స్‌పవర్, 500 పౌండ్-అడుగుల టార్క్ (లాగే బలం) ఇస్తుంది. 5 లీటర్ల వీ8 కూడా 400 హార్స్‌పవరే, టార్క్ 410. కొండలెక్కే వాళ్లకి టర్బో తేడా తెలుస్తుంది. మేం కొలరాడో వెళ్లే దారిలో రటోన్ పాస్ 7,834 అడుగుల ఎత్తులో ఉంటుంది. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. అంటే అక్కడికి చేరేసరికి దాదాపు నాలుగో వంతు పోయినట్టే. టర్బో పల్చటి గాలిని లోపలికి ఒత్తి పంపుతుంది కాబట్టి ఆ నష్టం చాలావరకు ఉండదు.

హైబ్రిడ్ ఎఫ్-150 మీద నాకు చాలా మనసుంది. 7.2 కిలోవాట్ల దాకా కరెంటు బెడ్‌లోని ప్లగ్గుల నుంచి ఇస్తుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు, ఈ బండి ఉన్నవాళ్లు దాంతో ఇంట్లో హీటర్లు, ఫ్రిజ్‌లు నడుపుకున్నారు. ఆ వారం మేం దుప్పట్లలో ముడుచుకుని గడిపాం, మరిచిపోలేను. కానీ బ్యాటరీ బరువు పేలోడ్‌ని తినేస్తుంది. నేను చూసిన ఏ హైబ్రిడ్ తలుపు మీదా 1,805 కనిపించలేదు. ట్రైలర్ లేనివాళ్లు మాత్రం తప్పకుండా చూడండి.

జీఎం కంపెనీ చేసే సిల్వరాడో, సియెరా లోపల ఒకే బండి. అందులో 3 లీటర్ల డీజిల్ ఇన్‌లైన్ సిక్స్ 495 టార్క్‌తో చాలా నెమ్మదిగా, హాయిగా లాగుతుంది. దూర ప్రయాణాలు చేసేవాళ్లకి నేను ముందుగా చెప్పే ఇంజను అదే. నన్ను ఆపింది ట్యాంకు. 24 గ్యాలన్లు. ట్రైలర్‌తో పెట్రోలు బండి గ్యాలన్‌కి 9 మైళ్లు ఇచ్చిందనుకుంటే 216 మైళ్లకే ఖాళీ. డీజిల్ ఇంకాస్త దూరం తీసుకెళ్తుంది గానీ, బిగ్ బెండ్‌కి వెళ్లేటప్పుడు మారథాన్ ఊరు దాటితే పార్కులో పాంథర్ జంక్షన్ దాకా సుమారు 70 మైళ్లు గ్యాస్ స్టేషనే ఉండదు. ఎఫ్-150లో 36 గ్యాలన్ల ట్యాంకు దొరుకుతుంది. పిల్లలు వెనక నిద్రపోతున్నప్పుడు ఆ తేడా ఎంత ధైర్యమో నడిపినవాళ్లకి తెలుస్తుంది.

రామ్ 1500కి 2025 మోడల్‌లో హెమీ అనే వీ8 ఇంజను తీసేసి 3 లీటర్ల టర్బో సిక్స్ పెట్టింది, 2026కి హెమీని మళ్లీ తెచ్చింది. వెనక కాయిల్ స్ప్రింగులు ఉండడం వల్ల రోజువారీ ప్రయాణానికి అందరికన్నా మెత్తగా ఉండేది ఇదే. టండ్రా మన టెక్సస్‌లోనే, శాన్ ఆంటోనియోలో తయారవుతుంది. 2022 నుంచి దానికి వీ8 లేదు, 3.4 లీటర్ల ట్విన్ టర్బో వీ6. గరిష్ఠ పేలోడే 1,940, అదీ తేలికపాటి మోడల్‌కి. మా అవసరానికి అందుకే అది జారిపోయింది.

రెండు మూడేళ్ల పాతది కొనాలనుకునేవాళ్లు ఇది జాగ్రత్తగా వినండి. 2022, 2023 టండ్రాల ఇంజన్లలో తయారీ సమయంలో మిగిలిన లోహపు తుక్కు వల్ల 2024లో దాదాపు లక్ష బండ్లని రీకాల్ చేశారు, అంటే బాగు చేయడానికి కంపెనీయే వెనక్కి పిలిచింది. 2021 నుంచి 2024 దాకా వచ్చిన జీఎం 6.2 లీటర్ల వీ8కి క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ల సమస్యతో 2025 ఏప్రిల్‌లో అమెరికాలో దాదాపు 6 లక్షల బండ్లు రీకాల్ అయ్యాయి. ఇవి చెప్పేది ఆ బండ్లు కొనొద్దని కాదు. డాష్‌బోర్డు మీద, అద్దం కింద ఉండే 17 అక్షరాల విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) ఫోటో తీసుకుని, ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో వేసి చూడండి. రీకాల్ పని పెండింగ్‌లో ఉంటే తెలుస్తుంది, ఆ రిపేరుకి మీ జేబులోంచి పైసా పెట్టక్కర్లేదు. పని పూర్తయిన కాగితం చేతికొచ్చాకే డబ్బు కట్టండి.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. టెక్సస్‌లో బండి మీద పన్ను 6.25 శాతం, పాత బండిని డీలర్‌కే ఇస్తే దాని విలువ తీసేసి మిగిలినదాని మీదే పన్ను వేస్తారు. మా 6,000కి 375 డాలర్లు మిగులుతాయి. కాబట్టి బయట అమ్మితే డీలర్ ఇచ్చేదానికన్నా 375 డాలర్లకి మించి ఎక్కువ వస్తేనే లాభం. కాలిఫోర్నియాలో ఈ వెసులుబాటు లేదు. నెలవారీ కంతు గురించి ముందే మాట్లాడకండి, అన్నీ కలిపి గేటు దాటే ధర ఎంతో కాగితం మీద రాయించుకోండి. ట్రైలర్ ఉంటే టో ప్యాకేజీ (ట్రైలర్ లాగడానికి కావాల్సిన సరంజామా), ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ ఫ్యాక్టరీ నుంచే ఉండాలి. టెక్సస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి.

చివరికి నేనేం చేశానంటే, నాలుగు డీలర్లకి ఒకటే మెసేజి పంపాను: "బండి ఫోటోలు వద్దు, డ్రైవర్ తలుపు స్టిక్కర్ ఫోటో పంపండి." ఇద్దరు బ్రోషర్ పంపారు. ఒకరు జవాబివ్వలేదు. నాలుగో డీలర్ దగ్గర పనిచేసే అమ్మాయి పది నిమిషాల్లో స్టిక్కర్ ఫోటో పంపింది. ఎఫ్-150 ఎక్స్ఎల్‌టీ, 3.5 టర్బో, రెండు చక్రాల డ్రైవ్, ముందు బెంచి సీటు, పెద్ద ట్యాంకు. స్టిక్కర్ మీద 1,872. స్థిర మెట్లకి ఓ 45 పౌండ్లు పోయినా 1,827. మా 1,805 ఇందులో పడుతుంది.

శనివారం అమ్మని వెంటబెట్టుకుని వెళ్తున్నాం. చీర కట్టుకునే వస్తుంది. ఆవిడ ఎక్కి, దిగి, బాగుందన్నాకే సంతకం పెడతాను.